చెమ్మ లెక్క: మోరిస్ మైనర్ ట్రావెలర్‌ను శీతాకాలం దాచిపెట్టిన ప్రాజెక్టు డైరీ

బండి: 1965 మోరిస్ మైనర్ ట్రావెలర్, వెనక సామాను జాగా ఉన్న బ్రిటిష్ కారు. 1098 సీసీ ఇంజను, ఒకే ఎస్‌యూ కార్బొరేటర్ (పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు పంపేది), నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, పాజిటివ్ ఎర్త్ వైరింగు (బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది), వెనక సగం యాష్ కలప చట్రం. ఆ కలప అందానికి అతికించింది కాదు, వెనక బాడీ బరువు మోసేదే అది. అది కుళ్లితే బండి బలమే పోతుంది.

షెడ్డు: 6 మీటర్ల పొడవు, 3.5 వెడల్పు, 2.5 ఎత్తు. కాంక్రీటు నేల, హీటరు లేదు, కరెంటు ఉంది.

వ్యవధి: ఐదు నెలలు. బయట మంచు, రోడ్ల మీద ఉప్పు.

చలి ఒక్కటే అయితే రేకుకు ఏ హానీ లేదు. రేకును తినేది గాల్లోని చెమ్మ. సాపేక్ష తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు పట్టే వేగం గట్టిగా పెరుగుతుంది. 70 దాటి రోజుల తరబడి నిలబడితే సీట్ల మీద, పైకప్పు గుడ్డ మీద బూజు లేస్తుంది. అలాగని ఎండగొట్టినా కష్టమే. 40 కంటే కిందికి దింపితే తోలు బిరుసెక్కుతుంది, కలప ముడుచుకుని అతుకుల దగ్గర సందులు పడతాయి. ఈ బండికి మేం పెట్టుకున్న హద్దు 50 నుంచి 55. ఆ తేమలో యాష్ కలపలో నీరు 10 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది. కుళ్లు పుట్టించే ఫంగస్‌కు 20 శాతానికి పైన కావాలి కాబట్టి మధ్యలో చాలా జాగా ఉన్నట్టే.

1వ రోజు: నేల

ముందు బండిని ముట్టుకోలేదు, నేల చూశాం. 45 సెంటీమీటర్ల చదరం పాలిథిన్ ముక్కను కాంక్రీటు మీద పరిచి నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించాం. కనీసం 16 గంటలు కదపకూడదు. షెడ్డు మధ్యలో ఒకటి, మూలలో ఒకటి, తలుపు దగ్గర ఒకటి, మొత్తం మూడు చోట్ల.

2వ రోజు: నేల చెప్పిన మాట

మధ్యలోనూ తలుపు దగ్గరా ముక్కలు పొడిగా ఉన్నాయి. మూలలో ముక్క తీస్తే లోపలి వైపు సన్నని నీటి బొట్లు, కింద కాంక్రీటు ముదురు రంగులోకి తిరిగింది. పైకి ఎండుగా కనిపించే కాంక్రీటు కూడా నేలలోని నీటిని ఆవిరిగా పైకి వదులుతూనే ఉంటుంది. ఆ ఆవిరి పోయి తగిలేది బండి అడుగు భాగానికే.

0.2 మిల్లీమీటర్ల మందం పాలిథిన్ షీటు నేలంతా పరిచాం. షీటు మీదికి షీటు 30 సెంటీమీటర్లు ఎక్కేలా వేసి, ఆ అతుకు మీద టేపు, గోడల వెంట 10 సెంటీమీటర్లు పైకి మడత. 0.15 మిల్లీమీటర్లకన్నా పలచనిది వాడితే చక్రాల కిందే చిరుగుతుంది. చక్రాలు నిలిచే చోట 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు వేశాం.

తేమ మీటర్లు రెండు పెట్టాం: నేలకు ఒక జానెడు ఎత్తులో ఒకటి, కారు లోపల ఒకటి. గోడకు తల ఎత్తున తగిలించిన మీటరు చూసి నిశ్చింతగా ఉండడం చాలామంది చేసే పొరపాటు. చల్లని గాలి కిందికి దిగుతుంది, తేమ శాతం ఎక్కువగా ఉండేది అక్కడే.

3వ రోజు: చెమ్మ తీసే యంత్రం

వీటిలో రెండు రకాలున్నాయి. కంప్రెసర్ రకం గాలిని చల్లటి తీగచుట్ట మీదుగా పంపి నీరు రాబడుతుంది. షెడ్డు 10 డిగ్రీల కిందికి దిగితే ఆ చుట్ట మీద మంచు గడ్డకడుతుంది, యంత్రం నీరు తీయడం మాని మంచు కరిగించుకోవడంలోనే కాలం గడుపుతుంది. రెండోది డెసికెంట్ రకం. నీటిని పీల్చే పదార్థం పూసిన చక్రం తిరుగుతూ పని చేస్తుంది, సున్నా దగ్గర కూడా తీస్తుంది. హీటరు లేని షెడ్డుకు ఇదే సరైనది. నీటి గొట్టాన్ని బయటికి తీసి, గొట్టం బయటి చివరకు సన్నని వల కట్టాం. 52 శాతం దగ్గర ఆగేలా సెట్ చేశాం.

గ్యాసు, కిరోసిన్ హీటర్ల జోలికి వెళ్లొద్దు. కిలో ప్రొపేన్ కాలితే సుమారు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. షెడ్డు వెచ్చబడినట్టు ఉంటుంది, ఆ నీరంతా చల్లటి రేకు మీదికే చేరుతుంది.

4వ రోజు: పెట్రోలు

బండి ఇంకా రోడ్డు మీద తిరగాల్సి ఉండగానే పెట్రోలు సంగతి చూడాలి. స్టెబిలైజర్ (పెట్రోలు పాడవకుండా ఆపే మందు) ట్యాంకులో పోసి ఊరుకుంటే కార్బొరేటర్‌లో ఉన్నది పాత పెట్రోలే.

ఇథనాల్ కలిసిన పెట్రోలు గాల్లోంచి నీరు పీల్చుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. చల్లబడే కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. అప్పుడు నీరూ ఇథనాలూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ అడుగునే, తుప్పు మొదలయ్యేదీ అడుగునే. దొరికితే ఇథనాల్ లేని పెట్రోలు పోయడమే అన్నిటికన్నా మంచిది.

ట్యాంకు పట్టేది సుమారు 30 లీటర్లు. స్టెబిలైజర్ ముందు పోసి (మోతాదు దాని సీసా మీద ఉన్నదే, ఎక్కువ పోస్తే మేలేమీ లేదు), ఆ పైన పెట్రోలు పోశాం, అప్పుడు బాగా కలుస్తుంది. మొత్తం 28 లీటర్ల దగ్గర ఆపాం. ట్యాంకులో ఖాళీ ఎంత తక్కువ ఉంటే చెమ్మ గాలి అంత తక్కువ. కానీ మూతి దాకా నింపకూడదు. 5 డిగ్రీల చలిలో 30 లీటర్లు నింపితే 20 డిగ్రీల ఎండ నాటికి అది దాదాపు 0.4 లీటరు పెరుగుతుంది, మూత దగ్గర కారుతుంది.

5వ రోజు: కడగడం

బానెట్ మీద మెరుపుకన్నా మడ్‌గార్డుల లోపలి వైపుకే ఎక్కువ సమయం పెట్టాం. హెడ్‌లైటు వెనక గిన్నె పైభాగంలో, ముందు మడ్‌గార్డు బాడీకి కలిసే మూలలో మట్టి పెళ్లలు కట్టి ఉంటుంది. ఆ మట్టి స్పాంజిలా తడిని పట్టి ఉంచుతుంది. చేతివేళ్లతో తవ్వి తీయాలి, ప్రెషర్ నీటితో కొడితే పైది పోయి లోపలిది ఇంకా గట్టిగా దిగబడుతుంది. మామూలు పైపు, గోరువెచ్చని నీరు, మెత్తని బ్రష్. తలుపుల అడుగున, సిల్లుల (తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెల) అడుగున ఉన్న నీటి రంధ్రాల్లోకి ప్లాస్టిక్ కేబుల్ టై దూర్చి చూశాం. ఎడమ తలుపు రంధ్రం మూసుకుపోయి ఉంది. టై కదిపిన వెంటనే ముందు గోధుమ రంగు నీరు, తర్వాత మట్టి, చివర్లో చిన్న తుప్పు పొరలు దిగాయి. సుమారు అర కప్పు. ఈ నీరు ఐదు నెలలు అక్కడే నిలిచి ఉంటే వసంతానికి తలుపు అడుగు రేకు మిగలదు.

ట్రావెలర్‌లో ప్రత్యేకంగా చూడాల్సింది వెనక పక్క కిటికీల గాడి. జరిపే అద్దాల కింద ఉన్న ఆ గాడిలో ఫెల్టు ఉంటుంది, దాంట్లో పాచి మొలుస్తుంది. పాచి ఉందంటే నీరు నిలుస్తోందన్నమాట, దాని కింద ఉన్నది కలప. చెక్క పుల్లతో గీకి తీసి, వ్యాక్యూమ్ పెట్టి, అద్దాలు తెరిచి ఫ్యాను గాలికి వదిలాం. కలపలో నీటి శాతం పిన్ను మీటరుతో కొలిస్తే పైపట్టీలో 12, అడుగు పట్టీలో 17, వెనక తలుపు కింది మూలలో 19. ఆ మూలను ఎర్ర గీతతో గుర్తు పెట్టుకున్నాం. తడి లోపల ఉండగా వార్నిష్ వేయకూడదు, వేస్తే నీటిని లోపల పెట్టి సీలు చేసినట్టే.

6వ రోజు: ఒక్క ప్రయాణం, నాలుగు పనులు

ఉప్పు లేని పొడి రోడ్డు మీద 30 కిలోమీటర్లు. స్టెబిలైజర్ కలిసిన పెట్రోలు పంపు దాటి కార్బొరేటర్ దాకా చేరింది. మూలమూలల్లో మిగిలిన నీరు ఆరింది. సైలెన్సర్ పూర్తిగా వేడెక్కి లోపలి తడి ఆవిరైపోయింది. ఇంజను ఆయిల్ పలచబడి అడుగున ఉన్న మడ్డి అందులో కలిసింది. దూరం తగ్గించి ఐదు కిలోమీటర్లతో సరిపెడితే వీటిలో ఒక్కటీ పూర్తికాదు.

వచ్చిన వెంటనే, వేడి మీదే ఆయిల్ దింపాం. "కొత్త ఆయిల్ వసంతంలో పోద్దాం, ఇప్పుడెందుకు దండగ" అనే మాట తరచూ వినపడుతుంది. అది తప్పు. వాడిన ఆయిల్‌లో ఇంధనం కాలగా పుట్టిన ఆమ్లాలు, నీరు, కాలని పెట్రోలు కలిసి ఉంటాయి. బేరింగులు ఐదు నెలలు నానేది అందులోనే. 20డబ్ల్యూ-50 ఆయిల్, జింకు సంకలనం తగినంత ఉన్న రకం పోశాం. ఫిల్టర్‌తో కలిపి సుమారు 3.7 లీటర్లు పట్టింది, డిప్‌స్టిక్ పై గీత చూసి ఆపాం. రెండు నిమిషాలు ఇంజను నడిపితే కొత్త ఆయిల్ అన్ని చోట్లకూ చేరుతుంది.

ఆ తర్వాత నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కో సిలిండర్‌లో 5 మిల్లీలీటర్ల ఆయిల్ పిచికారీతో వేశాం. ముందు నుంచి దూర్చే స్టార్టింగ్ హ్యాండిల్‌తో ఇంజనును మెల్లగా రెండు చుట్లు తిప్పాం. ఇంజను ఎక్కడ ఆగినా ఏదో ఒక సిలిండర్ వాల్వు తెరిచే ఉంటుంది, దాని గుండా చెమ్మ గాలి లోపలికి వస్తుంది. రింగులు గోడకు అతుక్కునేది అందుకే. ప్లగ్గులను చేత్తో తిప్పి బిగించి వదిలేశాం.

నెలకోసారి స్టార్టు చేసి పది నిమిషాలు నడపాలా అనే ప్రశ్నకు మా జవాబు ఖచ్చితంగా వద్దనే. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. చల్లటి ఇంజనులో అది అక్కడే నీరై కొత్త ఆయిల్‌లో కలుస్తుంది, సైలెన్సర్ అడుగున మడుగు కడుతుంది. అరగంట రోడ్డు మీద నడపగలిగితే నడపండి. లేదంటే ముట్టుకోవద్దు.

7వ రోజు: కూలెంట్

హైడ్రోమీటరు (ద్రవం చిక్కదనం కొలిచే పరికరం) గీత సగం సగం మిశ్రమాన్ని చూపాలి. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో ఉంటే -37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. చిక్కగా ఉంటే ఇంకా మంచిదనుకుని నీరు కలపకుండా పోసేవాళ్లున్నారు. కల్తీ లేని గ్లైకాల్ -13 దగ్గరే గడ్డకడుతుంది. ఆ కాలపు ఇత్తడి రేడియేటర్లలో సీసం కలిసిన సోల్డర్ ఉంటుంది కాబట్టి పాతకాలపు సిలికేట్ రకం కూలెంటే పోశాం. కొత్త కార్ల ఆర్గానిక్ యాసిడ్ రకాన్ని దీనికి వాడం. చలి నుంచి కాపాడే గుణం ఏళ్ల తరబడి ఉన్నా తుప్పు ఆపే మందు రెండేళ్లలో అయిపోతుంది. కింద ఒలికింది వెంటనే కడిగేశాం, తియ్యగా ఉంటుందని కుక్కలూ పిల్లులూ నాకుతాయి, కొద్దిగా తాగినా ప్రాణం పోతుంది.

8, 9 రోజులు: బ్రేకులు, క్లచ్, గ్రీజు

బ్రేకు ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది. డాట్ 4 రకం పొడిగా ఉన్నప్పుడు 230 డిగ్రీలకు మరుగుతుంది, 3.7 శాతం నీరు పీల్చాక 155కు పడిపోవచ్చు. నిల్వ ఉన్న బండికి మరుగుడుకన్నా నీటితోనే ఎక్కువ ప్రమాదం. వీల్ సిలిండర్ అడుగున తుప్పు గుంటలు పడితే వసంతంలో మొదటి నొక్కుకే సీలు చిరిగి కారుతుంది. మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ల కింద, చట్రం లోపల ఉంటుంది. కార్పెట్ ఎత్తి మూత విప్పితే అందుతుంది. మూత విప్పే ముందే చుట్టూ ఉన్న దుమ్మును వ్యాక్యూమ్ పెట్టి తీయాలి, ఒక్క ఇసుక రేణువు లోపల పడినా సీలు గీరుకుంటుంది. అర లీటరు కొత్త ఆయిల్‌తో, అన్నిటికన్నా దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి బ్లీడ్ చేశాం, అంటే పాత ఆయిల్‌నూ గాలి బుడగల్నీ బయటికి తోశాం. ఆయిల్ పెయింటు మీద పడితే పెయింటు లేచిపోతుంది, పక్కనే బకెట్ నీళ్లు పెట్టుకోవాలి.

బ్రేకు షూలను (డ్రమ్మును లోపలి నుంచి ఒత్తే ముక్కలు) అడ్జస్టరుతో ఒక మెట్టు వదులు చేశాం. హ్యాండ్ బ్రేకు వేయలేదు. వేసి ఉంచితే లైనింగు డ్రమ్ముకు అతుక్కుంటుంది, విడదీసేటప్పుడు లైనింగు ఊడి డ్రమ్ముకే ఉండిపోతుంది.

క్లచ్ ప్లేటు కూడా ఫ్లైవీల్‌కు అలాగే తుప్పుతో అతుకుతుంది. పెడల్‌ను కిందికి నొక్కి, సీటు చట్రానికీ పెడల్‌కూ మధ్య చెక్క కర్ర అడ్డం పెట్టాం. ఈ బండి క్లచ్‌కు ఇనుప కడ్డీలే కాని హైడ్రాలిక్ లేదు కాబట్టి సీళ్లు పాడవుతాయన్న బెంగ లేదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: క్లచ్ నొక్కి ఉన్నప్పుడు గేరు వేసినా బండి ఆగదు. హ్యాండ్ బ్రేకూ లేదు, గేరూ లేదు. అందుకే చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు తప్పనిసరి.

ముందు చక్రాలను తిప్పే స్వివెల్ పిన్నులకు చెరో వైపు పైన ఒకటి, కింద ఒకటి గ్రీజు నిపిల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) ఉంటాయి. మైనర్‌లో అందరూ భయపడేది ఈ పిన్ను కింది కొస తిరిగే ట్రనియన్ అనే మర అరిగి ముందు చక్రం పడిపోవడమే. చక్రం గాల్లోకి ఎత్తి, పాత గ్రీజు నల్లగా బయటికి వచ్చి, ఆ వెనక కొత్త గ్రీజు రంగు కనిపించే దాకా కొట్టాం. కుడి వైపు కింది నిపిల్‌లోంచి ముందు పాల రంగు గ్రీజు వచ్చింది. ఆ రంగు వచ్చిందంటే లోపల నీరుందని అర్థం. పన్నెండు తోపుల తర్వాత శుభ్రమైంది.

10వ రోజు: బ్యాటరీ

ఎర్త్ తీగ ముందు విప్పాలన్నది అందరికీ తెలిసిన నియమం. ఈ బండిలో ఎర్త్ అంటే పాజిటివ్. అలవాటు కొద్దీ నెగెటివ్ ముందు విప్పబోతే స్పానర్ బాడీకి తగిలి నిప్పు రవ్వలు లేస్తాయి. బ్యాటరీ ఇంజను వెనక గోడ అంచున కూర్చుని ఉంటుంది. కింద ట్రే మీద తెల్లటి పొడి, దాని కింద పెయింటు పొక్కి ఉంది. వంట సోడా కలిపిన నీటితో నురగ ఆగేదాకా కడిగి, ఆరబెట్టి, పెయింటు వేశాం.

బ్యాటరీని బల్ల మీద పెట్టి నింపుగా ఛార్జి చేశాం. పన్నెండు గంటల విశ్రాంతి తర్వాత 12.7 వోల్టులు, ఆరు గదుల్లోనూ హైడ్రోమీటరు 1.27 నుంచి 1.28 మధ్య చూపింది. నిండా ఛార్జి ఉన్న బ్యాటరీ -50 చలిలో కూడా గడ్డకట్టదు. పూర్తిగా దిగినది -7, -8కే గడ్డకట్టి డబ్బా పగిలిపోతుంది. వోల్టేజి చూసి తనంతట తాను తగ్గించుకునే ఫ్లోట్ ఛార్జర్‌కే తగిలించాం. పాతకాలపు మామూలు ఛార్జర్‌కు నెలల తరబడి వదిలేస్తే నీరంతా మరిగి పోతుంది. బ్యాటరీని కాంక్రీటు మీద పెడితే ఛార్జి దిగిపోతుందన్న మాట పాతకాలపు చెక్క పెట్టెలకు చెల్లింది, ప్లాస్టిక్ డబ్బాకు వర్తించదు.

11వ రోజు: టైర్లు, మైనం, చుంచెలుకలు

టైర్లలో మామూలు గాలి 22 నుంచి 24 పీఎస్ఐ. 35కి పెంచాం, టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠానికి లోబడే. బండిని స్టాండ్ల మీద ఎత్తి చక్రాలు వేలాడదీయడం మాకు ఇష్టం లేదు. చట్రం కింద స్టాండ్లు పెడితే వెనక పట్టీ స్ప్రింగులు, ముందు టోర్షన్ బార్ల (మెలితిరిగి స్ప్రింగులా పని చేసే కడ్డీల) రబ్బరు బుష్షులు నెలల తరబడి మెలితిరిగి ఉంటాయి. అందుకే చక్రాల మీదే ఉంచి, నెలకోసారి పావు చుట్టు తోస్తాం. ఈ సైజు టైరుకు పావు చుట్టంటే దాదాపు 47 సెంటీమీటర్లు. ప్లైవుడ్ మీద సుద్దతో గీతలు గీశాం.

పెయింటుకు రెండు పూతల మైనం. క్రోమ్ బంపర్లకు మైనం దట్టంగా రాసి తుడవకుండా వదిలేశాం. క్రోమ్ పొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, చెమ్మ వాటి గుండానే లోపలికి పోతుంది. పైన పలచటి నూలు కవరు వేశాం. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు, లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక రాత్రికి రాత్రి బొట్లుగా పెయింటు మీదే కూర్చుంటుంది.

చుంచెలుకకు 6 మిల్లీమీటర్ల సందు చాలు, పెన్సిల్ దూరితే అదీ దూరినట్టే. సైలెన్సర్ చివర, ఎయిర్ ఫిల్టర్ మూతి, హీటరు గాలి మార్గం, పెడళ్ల రంధ్రాలు రెండు: మొత్తం ఐదు చోట్ల రాగి వల ఉండలు కుక్కాం. మామూలు స్టీల్ వూల్ (ఉక్కు పీచు) చెమ్మకు తుప్పు పట్టి చుట్టూ మరక చేస్తుంది. ప్రతి ఉండకూ ఎర్ర గుడ్డ పట్టీ కట్టి, ఐదు అట్టముక్కలు స్టీరింగుకు వేలాడదీశాం. ఏది తీస్తే దాని అట్టముక్క తీసేయాలి. తలుపు పొడవునా నేల మీద టాల్కం పౌడరు సన్నగా చల్లాం, అడుగులు పడితే కనిపిస్తాయి. నాఫ్తలిన్ ఉండలు పెట్టలేదు, ఆ వాసన సీట్లలోంచి ఏళ్ల తరబడి పోదు.

కారు లోపల రెండు కిలోల సిలికా జెల్, గుడ్డ సంచుల్లో. కాల్షియం క్లోరైడ్ డబ్బాలు బండిలో పెట్టొద్దు. అవి పీల్చిన నీరు ఉప్పు ద్రావణంగా మారుతుంది, డబ్బా ఒలికితే నేల రేకు సంగతి అంతే.

3వ వారం

కారు లోపల మీటరు 53 శాతం, నేల దగ్గర మీటరు 66. తేడా ఎందుకొచ్చిందో వెతికితే మూలలో పాలిథిన్ అతుకు టేపు లేచి ఉంది, మొదటి పరీక్షలో చెమ్మ వచ్చిన మూల అదే. దుమ్ము మీద టేపు వేయడమే తప్పు. స్పిరిట్‌తో తుడిచి, బ్యుటైల్ పట్టీతో (జిగురు రబ్బరు టేపు) మళ్లీ అంటించాం. రెండు రోజుల్లో 56కి దిగింది.

6వ వారం: వెచ్చని రోజు

రెండు వారాల మంచు తర్వాత ఒక్కసారిగా బయట 12 డిగ్రీలు, తేమ 85 శాతం. షెడ్డులో గాలి 4 డిగ్రీలు, తేమ 55. బండి రేకు 3 డిగ్రీలు. (ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరును క్రోమ్ మీదికి గురిపెడితే ఎదురుగా ఉన్న గోడ వేడినే చదువుతుంది. రేకు మీద నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలవాలి.)

ఎండ చూసి తలుపులు బార్లా తీసి బండికి గాలి తగలనిద్దామని ఎవరికైనా అనిపించేది ఇలాంటి రోజే. లెక్క చూద్దాం. బయటి గాలిలో ఘనపు మీటరుకు 9.1 గ్రాముల నీరుంది. లోపల 3.5 గ్రాములే. షెడ్డులో పట్టే గాలి 52.5 ఘనపు మీటర్లు. తలుపు తీస్తే లోపలి గాలి మొత్తం మారడానికి ఎంతోసేపు పట్టదు, అలా మారితే 478 గ్రాముల నీరు లోపలికి వచ్చినట్టు. ఆ గాలి మళ్లీ 4 డిగ్రీలకు చల్లబడితే 336 గ్రాములే నిలుపుకోగలదు. మిగిలిన 140 గ్రాములు రేకు మీద, క్రోమ్ మీద, బ్రేకు డ్రమ్ముల లోపల, ఇంజను బ్లాకు మీద నీరై కూర్చుంటాయి. బయటి గాలి మంచు బిందువు, అంటే అందులోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే వేడి, 9.6 డిగ్రీలు. రేకు అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ తలుపు తీయకూడదు.

పరీక్షకు ఒక పాత డ్రమ్మును రాత్రంతా షెడ్డులో ఉంచి, అదే చలితో బయటికి తెచ్చి బెంచీ మీద పెట్టాం. మొదట ఇనుము మసకబారింది, అద్దం మీద ఊపిరి ఊదినట్టు. కాసేపటికి ఆ మసక చుక్కలుగా చేరింది, ఆ తర్వాత ఒక చుక్క అంచు మీదికి జారి నిలిచింది. వేలితో తుడిస్తే వేలు తడి. మర్నాటికి తుడిచిన చోటు తప్ప చుట్టూ నారింజ రంగు పొర.

ఆ తర్వాత తలుపు నాలుగు రోజులు తీయలేదు. రేకు 10 డిగ్రీలు దాటాక, బయటి తేమ తగ్గిన మధ్యాహ్నం చూసి లోపలికి వెళ్లాం.

8వ వారం

బండిని గీత దాకా తోశాం. పౌడరు మీద అడుగులు లేవు. సిలికా జెల్ 2 కిలోలది 2.3 కిలోలు తూగింది. తన బరువులో మూడో వంతు దాకా పీల్చుకోగలదు కాబట్టి ఇంకా జాగా ఉన్నా, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర మూడు గంటలు ఆరబెట్టి తిరిగి పెట్టాం. బ్యాటరీ నీరు సరిగానే ఉంది.

13వ వారం

వెనక తలుపు కింది మూలలో కలప 19 నుంచి 13కి దిగింది. ఈ ప్రాజెక్టులో మాకు అన్నిటికన్నా సంతోషం ఇచ్చిన అంకె ఇది. ఎండిన చోటే నూనె పూత ఒకటి వేశాం. అతుకుల్లో సందులు లేవు.

పౌడరు మీద ఒక వరస చిన్న అడుగులు, తలుపు కింది రబ్బరు పట్టీ చివరి నుంచి గోడ దాకా. పట్టీ మూలలో 8 మిల్లీమీటర్ల సందు ఉంది, వల కుక్కి మూశాం. బోను బండికి దూరంగా గోడ వెంట పెట్టాం, బండి దగ్గర పెడితే ఎరే దాన్ని బండి దాకా పిలిచినట్టవుతుంది. రెండు రోజుల తర్వాత కొత్త పౌడరు మీద ఏ గుర్తూ లేదు.

21వ వారం: లేపడం

వరసగా మూడు వర్షాలు పడి రోడ్ల మీద ఉప్పు పోయేదాకా ఆగాం.

ముందుగా ఐదు వల ఉండలూ తీశాం, తీసిన కొద్దీ అట్టముక్క. బానెట్ కింద, ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ (ఇంజను పొగ బయటికి వచ్చే వేడి గొట్టాలు) మీద, హీటరు పెట్టెలో గూడు ఉందేమో టార్చి వేసి చూశాం. ఎండు గడ్డి గూడు వేడి మేనిఫోల్డ్ మీద ఉంటే మంట పుడుతుంది.

క్లచ్ కర్ర తీశాం. పెడల్ సులువుగా లేచింది. షూలను మునుపటి మెట్టుకు తిప్పాం. బ్రేకు పెడల్ ఒక నిమిషం గట్టిగా నొక్కి పట్టి, నాలుగు చక్రాల లోపలి వైపూ చూశాం, ఎక్కడా తడి లేదు. టైర్ల గాలి 22, 24కి దింపాం.

బ్యాటరీ బిగించేటప్పుడు పాజిటివ్ ఎర్త్ చివర్లో. కీ తిప్పితే పెట్రోలు పంపు టిక్కుటిక్కు అనాలి, అనలేదు. ఎస్‌యూ ఎలక్ట్రిక్ పంపులో ఇది మామూలే: కదలిక లేక లోపలి కాంటాక్టు పాయింట్ల మీద సన్నని పొర కడుతుంది. స్క్రూడ్రైవరు పిడితో పంపు మీద మెల్లగా రెండుసార్లు తడితే కొట్టుకోవడం మొదలైంది. కార్బొరేటర్ నిండాక ఆగింది. ఆగకుండా కొడుతూనే ఉంటే ఎక్కడో కారుతోందన్నట్టే, వెంటనే కీ తీసేయాలి. ఈ మధ్యలో గొట్టాల అతుకులన్నీ పొడి గుడ్డతో తుడిచి వాసన చూశాం.

ప్లగ్గులు విప్పి, ఇగ్నిషన్ కాయిల్ తీగ తీసేసి, స్టార్టరుతో ఐదేసి సెకన్లు తిప్పాం. మూడో విడతలో ఆయిల్ లైటు ఆరింది. అంటే బేరింగులకు ఆయిల్ అందింది, ఇంకా మంట అంటుకోకముందే. ప్లగ్గు రంధ్రాల్లోంచి ఆయిల్ తుంపర్లు బయటికి చిమ్ముతాయి, గుడ్డ కప్పాలి. ప్లగ్గులు తుడిచి 0.64 మిల్లీమీటర్ల సందు సరిచూసి బిగించాం. కార్బొరేటర్ డ్యాష్‌పాట్‌లో డ్యాంపర్ ఆయిల్ (లోపలి పిస్టన్ కదలికను నెమ్మది చేసేది) తగ్గి ఉంటే నింపి, పిస్టన్‌ను వేలితో ఎత్తి వదిలాం. టక్కుమని సాఫీగా పడింది.

చోక్ లాగి తిప్పితే రెండో ప్రయత్నానికి అందుకుంది. మొదటి నిమిషం నీలం పొగ వస్తుంది, అది సిలిండర్లలో వేసిన 5 మిల్లీలీటర్లు కాలుతున్నదే. రెండు నిమిషాల తర్వాత తగ్గింది.

మొదటి పది మీటర్లు నడక వేగంతో వెళ్లి ఆపాం. డ్రమ్ముల లోపల సన్నని తుప్పు పొర ఉండి గరగర శబ్దం వచ్చింది. 20 కిలోమీటర్ల వేగం నుంచి పదిసార్లు మెల్లగా ఆపితే శబ్దం పోయింది, బండి పక్కకు లాగడం లేదు. స్టీరింగుకు ఉన్న చివరి అట్టముక్క అప్పటికింకా వేలాడుతూ కనిపించింది: పెడళ్ల దగ్గర రెండో రంధ్రం. ఉండ ముందే తీశాం, దాని అట్టముక్క మాత్రం తీయడం మరిచాం. వచ్చే ఏడాది అట్టముక్కల మీద పేర్లతో పాటు అంకెలు కూడా రాస్తాం.